పందొమ్మిదో నంబరు పానా

మా వదిన పనిముట్ల బోర్డును తొలిసారి చూసినవాళ్ళ చూపు ముందుగా పనిముట్ల మీద పడదు. వాటి వెనకనున్న తెల్లని గీతల మీద పడుతుంది. షెడ్డు గోడకు బిగించిన నల్లటి చెక్కపలక మీద ప్రతి పానాకూ, ప్రతి పట్టుకారుకూ, చివరికి రబ్బరు సుత్తికి కూడా ఒక మేకు ఉంది. ఆ మేకుకు తగిలించిన వస్తువు ఆకారం దాని చుట్టూ తెల్లరంగుతో గీసి ఉంటుంది. వస్తువు తన చోట ఉన్నంతసేపూ ఆ గీత దానికి అంచులా అమరిపోయి కనిపిస్తుంది. వస్తువు లేనప్పుడు మాత్రం అక్కడొక తెల్లటి డొల్ల మిగిలి, లేనిదేదో తానే చెబుతుంది.

ఆ బోర్డుకు ఒకే ఒక్క చట్టం. బోర్డు నిండేదాకా బండి కదలకూడదు. పని ముగిశాక ఒక్క డొల్ల కూడా మిగలకపోతే, ఇంజను సందుల్లోనో చక్రాల వెనకో ఏ పనిముట్టూ ఉండిపోలేదని అర్థం. ఈ పద్ధతిని ఆమె తన వృత్తి నుంచి తెచ్చుకుంది. వదిన పశువుల డాక్టరు. కత్తెరలూ దూదిపింజెలూ లెక్క సరిపోయాక గానీ కుట్లు వేయని చేయి ఆమెది. పొట్ట కోసిన గేదెలోనైనా, బానెట్ ఎత్తిన బండిలోనైనా మనదేదీ మరిచిపోయి రాకూడదు కదా అంటుంది.

ఆమె బండిని ఇంట్లో అందరం ఐరావతం అని పిలుస్తాం. ఏడుగురు కూర్చోగలిగిన పెద్ద ఎస్‌యూవీ అది. చివరి వరస సీట్లు పీకేసి మందుల పెట్టెలూ, తాళ్ళూ, నీళ్ళ డబ్బాలూ సర్దుకుంది. కొన్ననాడు అది తెల్లగానే ఉండేదట. ఊరి గారేజీలో ఇస్తే వారాల తరబడి దాన్ని వాళ్ళ ఆవరణలోనే నిలబెట్టేవారు. అటు కొండమీద జబ్బుపడ్డ పశువులు మాత్రం గారేజీ వాళ్ళ తీరిక కోసం ఆగవు. అందుకని వదిన తానే నేర్చుకోవడం మొదలుపెట్టింది. మొదట ఆయిల్ మార్చడం, తరవాత బ్రేకులు, ఆ తరవాత చక్రాల కింది జాయింట్లు. బండి పెద్దది కావడం వల్ల కింద పడుకుని పనిచేయడానికి చోటు బాగా దొరుకుతుందని, చిన్న కార్లవాళ్ళను చూస్తే తనకు జాలి వేస్తుందని అంటుంది.

"కోడలి మొహం చూడాలంటే బండి కిందికి దూరాల్సి వస్తోందమ్మా మాకు," అని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెబుతూ ఉంటుంది. ఆ మాటలో ఫిర్యాదు ఎంతో, గొప్ప ఎంతో విడదీయడం కష్టం.

వదిన చేతిలో పనిముట్లను చూడటం నాకు మొదటినుంచీ ఇష్టం. రాచెట్ తిప్పుతున్నప్పుడు అది చేసే టికటిక శబ్దాన్ని బట్టే నట్టు వదులైందో లేదో ఆమెకు తెలుస్తుంది. మొండికేసిన చక్రం నట్ల కోసం బారెడు పొడవున్న ఇనుపపిడి ఒకటి ఉంది. దాని మీద ఆమె బలం ప్రయోగించదు, కేవలం బరువు ఆనించి నిలబడుతుంది, కాసేపటికి నట్టే ఒప్పుకుంటుంది. బిగువు కొలిచే టార్క్ రెంచ్‌ను పని కాగానే సున్నా దాకా వదులు చేసి గానీ పెట్టెలో పెట్టదు. అలా చేయకపోతే లోపలి స్ప్రింగు అలిసిపోయి అబద్ధం చెప్పడం నేర్చుకుంటుందట. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి ఏనాడూ వెళ్ళదు. రెండు ఇనుప స్టాండ్ల మీద బరువు దించాక, భుజంతో బండిని ఒక్కసారి గట్టిగా తోసి చూసి, అప్పుడు చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని లోపలికి జారుతుంది.

ఆ పనిముట్లన్నిటి పిడి మీదా ఆకురాయితో గీసిన రెండు చిన్న గాట్లు ఉంటాయి. అవి వదిన గుర్తులు. కళ్ళు మూసుకుని తడిమినా తనదేదో తెలియాలని తానే గీసుకుంది.

బోర్డును ఆమె తరవాత అంతగా ప్రేమించేది మా అన్నయ్య. ఆయన గ్రంథాలయంలో పనిచేస్తాడు. పానాకూ పట్టుకారుకూ తేడా తెలియని రోజుల్లోనే ఆ బోర్డు అమరిక చూసి ముగ్ధుడైపోయాడు. వదిన పని ముగించి చేతులు కడుక్కుంటూ ఉంటే, ట్రేలోని సామాన్లను ఒక్కొక్కటే తుడిచి వాటి వాటి తెల్లగీతల్లో తగిలించడం ఆయన తనకు తానుగా పుచ్చుకున్న ఉద్యోగం. అరల్లో పుస్తకాలు సర్దినంత శ్రద్ధగా, వాటి వరస సంఖ్యలు పెదాలు కదుపుతూ చదువుకుంటూ సర్దుతాడు.

ఐరావతం ఎడమ ముందుచక్రం దగ్గర, స్టీరింగు రాడ్డు చివరన ఉండే గుండు జాయింటు అరిగిపోయి లొడలొడలాడటం మొదలుపెట్టింది. కొత్త జాయింటు తెప్పించి, ఒక మబ్బుపట్టిన సాయంత్రం వదిన దాన్ని మార్చింది. పాత జాయింటు నట్టును పందొమ్మిదో నంబరు రింగు పానాతో విప్పింది. కొత్త నట్టును కూడా మొదట ఆ పానాతోనే తిప్పి, ఆఖరి బిగువు మాత్రం టార్క్ రెంచ్‌తో ఇచ్చి, నట్టు వదులు కాకుండా చీలిక పిన్ను దోపి వంచింది. చక్రం బిగించి బండిని కిందికి దించే సమయానికి వాన అందుకుంది. మా షెడ్డు కప్పు సగం దాకానే ఉంటుంది. జల్లు పనిముట్ల మీద పడకుండా దొరికినవాటిని దొరికినట్టు ట్రేలో పోసి, ఆమె లోపలికి పరిగెత్తింది.

"బోర్డు పొద్దున చూసుకుంటాలెండి. బండి ఎలాగూ ఇప్పుడు కదలదు," అంది తల తుడుచుకుంటూ.

"నువ్వెళ్ళి కూర్చో. ఆ పని నాది," అన్నాడు అన్నయ్య, ట్రే అందుకుని.

తెల్లవారి కాఫీలు ఇంకా ముగియకముందే ఫోను మోగింది. కొండమీద ఒంటరిగా ఉంటూ పాలమ్ముకునే ఒకావిడ. ఆమె ఇంటికి ఉన్నది ఒక్క ఆవు. వదిన స్పీకరు నొక్కి, ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో బూట్లు తొడుక్కోసాగింది.

"డాక్టరమ్మా, నొప్పులు మొదలై చాలాసేపైంది. ఈనలేకపోతోంది. ఊరికే పడుకుంటోంది, లేస్తోంది."

"ఏమైనా బయటికి కనపడుతోందా?"

"ఒక కాలు కనపడుతోందమ్మా. ముక్కు కూడా."

"రెండో కాలు?"

"లేదు. లాగమంటారా?"

"అయ్యయ్యో, లాగకండి! రెండో కాలు లోపల మడతపడి ఉంటుంది. అలాగే లాగితే దూడా దక్కదు, తల్లీ దక్కదు. మీరేమీ చేయకండి. దాన్ని లేపి మెల్లగా నడిపిస్తూ ఉండండి, అంతే. నేను బయలుదేరుతున్నాను."

ఆ ఇంటికి వెళ్ళే దారి ఐరావతం లాంటి బండి తప్ప ఎక్కలేని దారి. కింద ఒక రాళ్ళవాగు అడ్డం వస్తుంది. పైన, అంచు మీద ఒక గోడైనా లేని చోట, దారి వెనక్కి మళ్ళినట్టుగా ఎడమకు తిరుగుతుంది. పక్కింటివాళ్ళ చిన్నకారు వాగు దాకా కూడా వెళ్ళలేదు.

వదిన షెడ్డులోకి వెళ్ళింది. నేనూ సంచి మోసుకుంటూ వెనకే వెళ్ళాను. ఆమె బోర్డు ముందు ఒక క్షణం నిలబడి ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. ఒక్క డొల్ల కూడా లేదు. తల ఊపి, కొండదారికి ఎప్పుడూ వెంట తీసుకెళ్ళే కాన్వాసు చుట్టను బల్ల మీద పరిచింది. ఆ చుట్టలో అరలు అరలుగా కుట్టిన జేబులుంటాయి. బోర్డు మీది పనిముట్లలో దారిలో అవసరం పడేవాటిని తీసి ఆ జేబుల్లో దోపుకుంటుంది. పదమూడు, పదిహేడు, రాచెట్, పట్టుకారు. చేతులు వాటంతట అవే పనిచేస్తున్నాయి, చూపు అప్పటికే బండి తాళాల మీద ఉంది.

పందొమ్మిదో నంబరు పానాను తీసిన చేయి సగంలో ఆగిపోయింది.

ఆమె దానివైపు చూడలేదు. బొటనవేలితో పిడిని ఒకసారి కిందికీ, ఒకసారి పైకీ తడిమింది.

"ఇది నాది కాదు," అంది.

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న అన్నయ్య ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు ఎంత అమాయకంగా ఉందో తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

"పోల్చేశావా? నీకు చెప్పకుండా ఎన్నాళ్ళు దాచగలనా అనుకున్నాను. పోయినవారం అన్నావుగా, ఆ పాతది ముసలిదైపోయింది, నట్ల మూలలు తినేస్తోందని? అదే కంపెనీది, అదే సైజుది తెప్పించి నిఘంటువుల వెనక దాచిపెట్టాను. నిన్న ట్రే సర్దుతుంటే దాని చోటు ఖాళీగా ఉంది. నువ్వే పారేసినట్టున్నావు అనుకుని, ఇదే మంచి సమయమని తగిలించేశాను. గీతలో ఎంత చక్కగా అమరిందో చూశావా?"

వదిన ఆయనకేసి చూసింది. కోపం లేదు ఆ చూపులో. దూరంగా వినిపిస్తున్న శబ్దం ఎక్కడినుంచి వస్తోందో పోల్చుకుంటున్న మనిషి చూపు అది.

"నేను పారేయలేదండీ," అంది నెమ్మదిగా. "మరి నాది ఎక్కడుంది?"

అన్నయ్య ముఖంలో వెలుగు వచ్చినంత త్వరగానే పోయింది. ఆయన వృత్తిధర్మం ప్రకారం చేసింది అక్షరాలా సరైన పనే. గ్రంథాలయంలో ఒక పుస్తకం పోతే, అదే పుస్తకం మరో ప్రతి తెచ్చి అదే అరలో పెడతారు, చదివేవాడికి లోటుండదు. పుస్తకానికి ప్రతి పుస్తకమే. కానీ ఈ బోర్డు మీద ఖాళీ అంటే లోటు కాదు, వార్త. ఆయన ఎంతో ప్రేమతో ఆ వార్తను చెరిపేశాడు.

చేతికర్ర చప్పుడు చేసుకుంటూ అమ్మ వచ్చింది, ఫోను చేత్తో పట్టుకుని. "ఆవిడ మళ్ళీ చేసింది. బయలుదేరారా అంటోంది. ఏంటిలా నిలబడిపోయారు అందరూ?"

"నా పానా ఒకటి కనపడటం లేదత్తయ్యా."

"ఉందిగా చేతిలో!"

"ఇది వేరే."

"వేరేదైతేనేం, అది లేకపోతే ఇది పట్టుకెళ్ళు. అక్కడ నోరులేని జీవం అల్లాడుతుంటే ఇక్కడ పానా కోసం వెతుక్కుంటావా?"

"పట్టుకెళ్ళడానికి కాదత్తయ్యా. నిన్న సాయంత్రం అది నా చేతిలో ఉండి, ఇప్పుడు బోర్డు మీద లేదంటే బండిలోనే ఎక్కడో ఉండిపోయింది. స్టీరింగు దగ్గర పనిచేశాను నేను. అది ఎక్కడుందో తెలియకుండా ఆ మలుపు దగ్గరికి తీసుకెళ్ళలేను."

"షెడ్డులో ఏ మూలో పడి ఉంటుందే. వచ్చాక వెతుక్కోవచ్చు," అన్నాడు అన్నయ్య, తన గొంతు తానే నమ్మనట్టుగా.

"ఉండొచ్చు. షెడ్డు మీరిద్దరూ చూడండి. బండి నేను చూస్తాను. అత్తయ్యా, ఆ ఫోను స్పీకరులో పెట్టి ఇక్కడ పట్టుకోండి. ఆవిడతో మాట్లాడుతూనే ఉంటాను."

అమ్మ స్టూలు లాక్కుని బండి పక్కన కూర్చుంది. నేనూ అన్నయ్యా టార్చీలు పట్టుకుని బల్లల కిందా, పాత టైర్ల వెనకా, నీళ్ళు నిలిచిన గచ్చు మీదా వెతకసాగాం. మా వెతుకులాటకు ఒక పద్ధతి లేదు. చూసిన చోటే మళ్ళీ చూస్తున్నాం. అన్నయ్యైతే ఒక పాత పెయింటు డబ్బా మూత మూడుసార్లు తీసి చూశాడు.

వదిన వెతకనే లేదు. ముందుచక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, నిన్నటి పనిని చివరి నుంచి మొదటికి చేసుకుంటూ వచ్చింది. ఖాళీ చేతులు గాలిలో కదులుతున్నాయి. "చక్రం పెట్టాను. అంతకుముందు చీలిక పిన్ను వంచాను, పట్టుకారుతో. అంతకుముందు టార్క్ రెంచ్. టార్క్ రెంచ్ అందుకోవాలంటే కుడిచెయ్యి ఖాళీ కావాలి. అప్పటిదాకా కుడిచేతిలో ఉన్నది ఏమైంది?" అని, ఆ చేతిని ముందుకు చాచి, ఊహల్లోని పానాను ఎక్కడో పెట్టి, కళ్ళు తెరిచింది. చేయి చక్రం వెనక, బండి కిందిభాగంలో ఉండే ఇనుపదూలం ఎత్తులో ఆగి ఉంది.

"ఇక్కడ పెట్టాను," అంది.

అద్దం తగిలించిన పొడుగు పుల్లను, టార్చీని చక్రం వెనక్కి పెట్టి చూసింది. బురద ఆపే రబ్బరు రేకు అడ్డం వచ్చింది, ఏమీ కనపడలేదు.

"కనపడటం లేదుగా! అంటే లేదనేగా?" అన్నాడు అన్నయ్య ఆశగా.

"కనపడకపోవడం, లేకపోవడం ఒకటేనా అండీ? మీ లైబ్రరీలో ఒకటేనేమో."

అన్నయ్య టార్చీతో మళ్ళీ బల్లల కిందికి వంగాడు. ఫోనులోంచి ఆవిడ గొంతు వినిపించింది. "డాక్టరమ్మా, పడుకుండిపోయింది."

"లేపండి. మెడ దగ్గర కాదు, తోక మొదట్లో పట్టుకుని లేపండి. మీకు భయం వేస్తే దానికీ వేస్తుంది. మాట్లాడుతూ నడిపించండి."

"ఏం మాట్లాడాలమ్మా దాంతో?"

అమ్మ ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది. "నీ కష్టాలు చెప్పు తల్లీ. మాకైతే విసుగు గానీ, ఆవుకు ఓపిక ఎక్కువ." అటునుంచి ఏడుపూ నవ్వూ కలిసిన శబ్దమొకటి వచ్చింది. ఆ తరవాత అమ్మ ఫోను వదల్లేదు. తన మోకాళ్ళ నొప్పుల దగ్గరనుంచి మొదలుపెట్టి, ఆవిడా ఆవూ ఇద్దరూ నడుస్తూ ఉండేలా మాట్లాడుతూనే ఉంది.

వదిన వెనకచక్రాల కింద చెక్కదిమ్మలు దోపి, ముందుభాగాన్ని జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద దించింది. భుజంతో ఒకసారి తోసి చూసింది. ఆ తోపును ఆరోజు కూడా మానలేదని నేను గమనించాను.

"ఎక్కి కూర్చోండి మరిదిగారూ. నేను చెప్పినట్టు స్టీరింగు తిప్పండి. మొదట కుడికి. చివరిదాకా."

తిప్పాను. చివరిదాకా వెళ్ళి మెత్తగా ఆగింది.

"ఇప్పుడు ఎడమకు. మెల్లగా. ఆగిన చోట ఆపేయండి, బలవంతం చేయకండి."

ఎడమకు తిప్పాను. సగం దాటింది, ముప్పావు దాటింది, ఇక కొంచెం తిరిగితే చాలనగా ఎక్కడో కింద టక్‌మంది. స్టీరింగు అక్కడే ఆగిపోయింది. కుడివైపు ఆగినంత మెత్తగా ఆగలేదది; ఇనుము మీద ఇనుము ఆనినట్టు నా మణికట్లకు తెలిసింది.

ఆ టక్కు అన్న చప్పుడు అమ్మకు కూడా వినపడిందనుకుంటాను, ఫోనులో మాట మధ్యలో ఆగింది.

ఊళ్ళో వీధుల్లో స్టీరింగును అంత ఎడమకు ఎప్పుడూ తిప్పనవసరం లేదు. వాగు దాటేటప్పుడు కూడా అవసరం రాదు. ఆ దారిమొత్తం మీద చక్రాన్ని పూర్తిగా ఎడమకు తిప్పితే తప్ప దాటలేని చోటు ఒక్కటే ఉంది. అంచుగోడ లేనిది కూడా అక్కడే.

"దిగండి," అంది వదిన. బారెడు పిడి తెచ్చి చక్రం నట్లు విప్పింది. చక్రం పక్కకు దొర్లించగానే కనిపించింది: వెనక దూలానికీ, స్టీరింగు ఆగే ఇనుపమొటికకూ మధ్య సందులో, పెంపుడు పిల్లిలా ఒదిగి పడుకుని ఉంది పందొమ్మిదో నంబరు పానా. నిన్న బండిని కిందికి దించినప్పుడు దూలం మీదనుంచి జారి అక్కడ ఇరుక్కుని ఉంటుంది. వదిన దాన్ని రెండు వేళ్ళతో పట్టి బయటికి తీసి, పిడి మీది రెండు గాట్లను బొటనవేలితో తడిమి, అన్నయ్య చేతిలో పెట్టింది.

"దీని చోట దీన్ని పెట్టండి."

అన్నయ్య దాన్ని రెండు చేతులతో పుచ్చుకున్నాడు.

ఇప్పుడిక వదిన పరుగుపెడుతుందనుకున్నాను. పరుగుపెట్టింది కూడా, జాకీకి, బల్లకు, చక్రానికి మధ్య ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు. కానీ ఆ తొందరంతా కాళ్ళలోనే ఉంది, చేతుల్లోకి దిగలేదు. కొత్త జాయింటు నట్టును మళ్ళీ చూసుకుంది. చీలిక పిన్ను వంగి ఉందో లేదో గోటితో తట్టి చూసింది. చక్రం పెట్టి, నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా ఒక్కొక్కటి బిగించింది. బండి దించాక ప్రతి నట్టు మీదా టార్క్ రెంచ్ క్లిక్‌మనేదాకా ఆగింది. క్లిక్‌మన్న తరవాత ఒక్క వెంట్రుకవాసి కూడా ఎక్కువ తిప్పలేదు. ఆఖరున రెంచ్‌ను సున్నాకు వదులు చేసి పెట్టెలో పెట్టింది. అవతల ఒక ప్రాణం ఎదురుచూస్తుండగా కూడా ఒక స్ప్రింగు అలిసిపోకూడదని ఆలోచించగలిగిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

తాళాలు తీసుకుని బోర్డుకేసి చూసింది. వెంట తీసుకెళ్ళే చుట్టలోవి చుట్టలో ఉన్నాయి. మిగతావన్నీ తమ గీతల్లో ఉన్నాయి. పందొమ్మిదో చోట పాత పానా, కొంచెం వంకరగా, తనదైన తీరులో వేలాడుతోంది. కొత్తది బల్ల మీద ఉంది, ఎక్కడికి పోవాలో తెలియనట్టు.

"నేనూ వస్తాను," అన్నాడు అన్నయ్య.

"మీరెందుకండీ?"

"తెలీదు. ఇక్కడ కూర్చోలేను."

ముగ్గురం బయలుదేరాం. వాగు దాటాం. ఆ మలుపు వచ్చినప్పుడు వదిన గేరు తగ్గించి, ఎడమకు తిప్పడం మొదలుపెట్టింది. స్టీరింగు తిరిగింది, ఇంకా తిరిగింది. మణికట్టు మీద మణికట్టు వేసి ఆమె తిప్పుతూనే ఉంది. ఉదయం ఆగిపోయిన చోటు దాటి, మెత్తగా ఆగే చోటుదాకా పూర్తిగా తిరిగింది. ఐరావతం ముక్కు లోయను చూసి, దానికి వీపు పెట్టి, పైకి ఎక్కింది.

ఆవు నిలబడే ఉంది. పాలావిడ గొంతు బొంగురుపోయి ఉంది. ఫోనును చెవికి ఆనించి పట్టుకుని, ఇంకా అమ్మతోనే మాట్లాడుతోంది. వదిన చేతికి భుజం దాకా సబ్బునీళ్ళు పట్టించుకుని, నొప్పి ఆగిన క్షణం చూసి, దూడను మెల్లగా లోపలికి తోసింది. ముందుకు తీసుకురావాలంటే ముందు వెనక్కి పంపాలి; చోటుంటేనే కాలి మడత విడుతుంది. తరవాత కళ్ళు మూసుకుంది. ఉదయం బండి దగ్గర మూసుకున్నట్టే. ఆమె భుజం కొద్దికొద్దిగా కదలడం ఒక్కటే మాకు కనపడుతోంది. కనపడని చోట ఏముందో చేత్తోనే చూస్తోంది.

"దొరికింది," అంది. మడతపడ్డ కాలి గిట్టను అరచేతిలో దాచి, ఆ మొన తల్లికి గుచ్చుకోకుండా, కొంచెం కొంచెంగా ముందుకు తెచ్చింది. రెండు కాళ్ళూ, వాటి మధ్య ముక్కూ కనపడ్డాక, మిగిలిన పని ఆవే చేసుకుంది.

దూడ గడ్డి మీద పడి కదలలేదు. వదిన దాని ముక్కు తుడిచి, గడ్డిపోచతో లోపల గిలిగింత పెట్టింది. అది తుమ్మింది. చెవులు విదిలించింది. పాలావిడ అక్కడే నేల మీద కూలబడి ఫోనులో గట్టిగా అరిచింది, "అమ్మా, పెయ్యదూడ!"

"మరి? అంతసేపు నా కష్టాలు విన్నాక ఆడపిల్లే పుడుతుంది," అంది అమ్మ గొంతు అటునుంచి.

పాలావిడ కళ్ళు తుడుచుకుంటూ లేచింది. "బయలుదేరుతున్నానన్నాక ఇంత ఆలస్యమైతే గుండె జారిపోయిందమ్మా. ఇక రారేమో అనుకున్నా."

"ఆలస్యమైంది," అంది వదిన, దూడ ఒళ్ళు గడ్డితో రుద్దుతూ. కారణమేమీ చెప్పలేదు. అన్నయ్య ఒకడుగు ముందుకు వేసి, "ఆలస్యం నా వల్లండీ," అన్నాడు. పాలావిడకు ఏమీ అర్థం కాలేదు. అయినా పెద్దమనసుతో, "పోనీలెండి బాబూ," అంది.

వదిన తల వంచుకుని నవ్వడం నేను చూశాను.

తిరిగి వస్తున్నప్పుడు మలుపు దాటాక ఆమే మాట ఎత్తింది. "కొత్త పానా చాలా బాగుందండీ. మూలలు పదునుగా ఉన్నాయి. పాతది నిజంగానే ముసలిదైపోయింది. రేపు దాని చోట దాన్నే పెడదాం. రెండు గాట్లు మీరే గీయండి."

"నేనా? ఆకురాయి పట్టుకోవడం కూడా రాదు నాకు."

"నేర్పిస్తాను. ఒక్కటే షరతు. ఇకమీదట ఖాళీ కనపడితే నింపకండి. నాతో చెప్పండి."

గాట్లు కొంచెం వంకరగానే వచ్చాయి. వదిన వాటిని సరిచేయలేదు.

తరవాత ఒక సెలవునాడు ఆమె బ్రేకు ప్యాడ్లు మారుస్తూ బండి కింద ఉండగా, నేను షెడ్డు పక్కనుంచి వెళుతున్నాను. అన్నయ్య బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. పదిహేడో నంబరు చోట తెల్లటి డొల్ల ఒకటి మెరుస్తోంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, దాన్ని చాలాసేపు చూశాడు. ఒకసారి చేయి ముందుకు రాబోయింది; మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు. చివరికి వంగి, బండి కిందికి గొంతు పంపించాడు.

"ఇదిగో, పదిహేడు కనపడటం లేదు!"

"నా చేతిలోనే ఉందండీ!" అంది ఐరావతం కిందినుంచి వదిన గొంతు.

"సరే," అన్నాడు అన్నయ్య. స్టూలు లాక్కుని ఆ ఖాళీకి ఎదురుగా కూర్చుని, అది నిండేదాకా కాపలా కాశాడు.